హత్తా డ్యామ్ చుట్టూ సైకిల్: అలిసినోడు చెప్పిందే ఆఖరి మాట

పోస్టు జర పెద్దగనే ఉంది. డ్యూటీ దిగి, తిని, మంచం మీద ఒరిగినంక తీరికగ చదువుండ్రి.

మొన్న మన గ్రూపుల ఒక మాట పెట్టిన. జనవరిల రెండో ఆదివారం ఆరుగురం కలిసి హత్తాకు పోతున్నం, డ్యామ్ చుట్టుపక్కల గుట్టల్లో మౌంటెన్ సైకిళ్ళు తొక్కుతం అని. దానికి రెండు రకాల జవాబులు వచ్చినయి. ఒక పెద్దాయన రాసిండు: "పని చేసుకోనీకి వచ్చినవా, సైకిల్ తొక్కనీకి వచ్చినవా? నలభై దాటినయి, ఇంటికాడ బిడ్డ పెండ్లికి ఉంది. కాలు విరిగితె ఎవడు చూస్తడు?" ఇంకో దిక్కు పోరగాళ్ళు: "అన్నా, గ్రీను, బ్లూ మనకెందుకే, సీదా బ్లాక్ దారికే పోదాం. వీడియో మస్తు వస్తది."

ఇద్దరికీ ఒక్క పోస్టులనే జవాబు చెప్తున్న. పోవాలె అని నా అభిప్రాయం. కాని సైటు మీద స్లాబ్ కాస్టింగ్‌కు ఎట్ల లెక్కలేసుకుంటమో అట్ల లెక్కలేసుకొని పోవాలె. ఆ లెక్కల అన్నిటికంటె పైన ఏం రాసుకోవాల్నో నాకు పోయినేడు ఒక తమ్ముని బొక్క విరిగినంక తెలిసింది. అది మీకు తెలియాలనే ఇంత రాస్తున్న.

ముందు జాగ గురించి చెప్పాలె. హత్తా అంటే దుబాయ్ కిందికే వస్తది, కాని దుబాయ్ నుంచి సుమారు 130 కిలోమీటర్లు, హజర్ పర్వతాల నడుమ ఉంటది. చుట్టూ వేరే ఎమిరేట్లు, ఒమన్ దేశం. 1990లలో అక్కడ డ్యామ్ కట్టిండ్రు. ఫొటోలల్ల మీరు చూసే ఆకుపచ్చ నీళ్ళు, చుట్టూ మట్టి రంగు కొండలు, గోడ మీద పెద్దగ వేసిన షేక్ జాయెద్, షేక్ రషీద్ బొమ్మలు, అదే జాగ. అక్కడనే కరెంటు డిపార్టుమెంటు వాళ్ళు ఇంకో పెద్ద పని పెట్టుకున్నరు. పైన గుట్టల్లో ఇంకో రిజర్వాయరు కట్టి, పగటి సోలార్ కరెంటుతోటి కింది నీళ్ళు పైకి తోడి, అవసరమున్నప్పుడు కిందికి ఇడిచి 250 మెగావాట్ల కరెంటు తీసే ప్లాంటు. నీళ్ళు పోను 1.2 కిలోమీటర్ల సొరంగం. కాంక్రీటు పనిల బతికేటోళ్ళం కాబట్టి చెప్తున్న. సైకిల్ వద్దనుకున్నా ఆ గోడను చూసి రావాలె. మన అసోంటి చేతులే కట్టినయి అది.

ఇగ దారులు. మా ఊరి దిక్కు కాకతీయ కాలువ కట్ట మీద సైకిల్ తొక్కి బడికి పోయినోన్ని నేను. చెరువు చుట్టు అంటే మనకు కట్ట యాదికొస్తది. సాఫుగ ఉన్న మొరం దారి, పక్కన నీళ్ళు, ఎదురుగాలి ఒక్కటే కష్టం. హత్తాల అట్ల ఉండది. కొండలు నీళ్ళలకు నిటారుగ దిగుతయి, ఒడ్డు పొంటి గుండ్రంగ తిరిగి వచ్చే కట్ట లేదు. డ్యామ్ చుట్టుపక్కల గుట్టలల్ల సైకిళ్ళ కోసమే రాళ్ళు సదిరి చేసిన దారులు ఉన్నయి, అన్నీ కలిపితె 50 కిలోమీటర్ల పైనే. బోర్డుల మీద రంగులు ఉంటయి. ఆకుపచ్చ అంటే సులువు, నీలం నడిమి రకం, ఎరుపు కష్టం, నలుపు అంటే చేయి తిరిగినోళ్ళకు. రాళ్ళు పెలుసుగ ఉంటయి, మొనలు తేలి ఉంటయి. అంచుకు ఎక్కడా హ్యాండ్‌రెయిల్ ఉండది. మన స్కఫోల్డింగుకు టోబోర్డు, మిడ్‌రెయిల్, టాప్‌రెయిల్ పెడతం గదా, అక్కడ దేవుడు అవి పెట్టలే.

ఇప్పుడు పోయినేడు సంగతి.

మార్చి నెల. నలుగురం పోయినం. నేను, ఒక కడప అన్న, నిజామాబాద్ తమ్ముడు, ఇంకొకడు సిక్కోలు పిల్లగాడు. ఈ పిల్లగాడు నా కిందనే హెల్పర్ పని చేస్తడు, ఇరవై నాలుగేండ్లు. ప్లాను ఏముంది? ఏం లేదు. "పోదాం" అనుకున్నం, పోయినం. పొద్దున తీరికగ లేచి, ఇడ్లీ తిని, పోయేసరికి పదకొండు దాటింది. తలా ఒక లీటరున్నర నీళ్ళ సీసా. అద్దె సైకిళ్ళు తీసుకున్నం. గేర్లు ఎట్ల మార్చాల్నో నిజామాబాద్ తమ్మునికి తప్ప ఎవలకు సరిగ్గ తెల్వదు. మొదట్ల మస్తుగున్నది. గాలి, కొండలు, కింద నీళ్ళు మెరుస్తున్నయి. నాకైతె కాలువ కట్ట మీద లుంగీ ఎగ్గట్టి సైకిల్ తొక్కిన రోజులు యాదికొచ్చినయి. ఇంకొంచెం పోదాం, ఆ మలుపు దాక పోదాం, ఆ గుట్ట ఎక్కితె డ్యామ్ మంచిగ కనబడుతది. ఇట్లనే రెండు గంటలు పోయినం. మళ్ళ ఎప్పుడు తిరగాల్నో ఎవడూ అనలే.

తిరిగి వచ్చేటప్పుడు నీళ్ళు అయిపోయినయి. దిగుడు దారి. సిక్కోలు పిల్లగాడు నా ముంగటనే పోతున్నడు. చిన్న మలుపు కాడ ముందు బ్రేకు ఒక్కటే గట్టిగ పట్టిండు. సైకిల్ నిలబడ్డది, మనిషి నిలబడలే. భుజం మీద పడ్డడు. నేను పోయి చూస్తె మెడ కింది బొక్క కాడ ఉబ్బి ఉన్నది, చేయి లేపలేకపోతున్నడు. కాలర్ బోన్ విరిగింది.

అది గాదు నేను చెప్పదల్చుకున్నది. రాతి నీడకు కూసోబెట్టినంక వాడు ఏమన్నడంటే, "అన్నా, నాకు పొద్దున్నుంచే కళ్ళు తిరుగుతున్నాయి. శనివారం కాస్టింగుంది కదా, రాత్రి రెండింటి దాకా ఉన్నాను" అని.

మరి ఎందుకు చెప్పలేదురా అని కోపం చేసిన. వాడు మొఖం పక్కకు తిప్పుకొని అన్నడు: "సైటు మీద అలిసిపోయానంటే ఏమంటారో తెలుసు కదన్నా."

ఏమంటరు? అనేది ఎవరు? నేనే. "ఇంకో గంటనే తమ్మీ, అయిపోతది, కానియ్" అని ఆ శనివారం రాత్రి అన్నది కూడ నేనే. పంపు ఆగితె కాంక్రీటు పాడయితది, కోల్డ్ జాయింట్ వస్తది, ఇంజనీరు నా మీద పడుతడు. నా కారణాలు నాకున్నయి. కాని ఆ రాయి కాడ కూసున్నప్పుడు ఒక్క కారణం కూడ నోట్లె నుంచి రాలే.

తర్వాత సంగతి మీకు తెలువని లెక్క కాదు. సెలవు రోజు, డ్యూటీ బయట తగిలిన దెబ్బ కాబట్టి పనిల దెబ్బ కిందికి రాదు. మామూలు సిక్ లీవే. ఇక్కడి చట్టం ప్రకారం ప్రొబేషన్ అయిపోయినోనికి ఏడాదికి 90 రోజుల దాక సిక్ లీవు ఉంటది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం జీతం, మిగిలిన 45 రోజులు ఏమీ రాదు. వానికి ఆరు వారాలు పట్టింది. అంటే 42 రోజులు. 15 రోజులు పూర్తిగ, 27 రోజులు సగం. ఓవర్‌టైము మొత్తం పోయింది. మనకు బేసిక్ కంటె ఓవర్‌టైము తోనే గదా ఇంటికి పోయే పైసలు. ఆ రెండు నెలలు వాళ్ళమ్మకు సగమే పంపిండు. "కంపెనీల పని తక్కువుందమ్మా" అని అబద్ధం చెప్పిండు. ఫోన్ల మాట్లాడుతుంటె పక్క మంచం మీద నేనున్న. విన్న.

ఇగో, పెద్దాయన అడిగిన ప్రశ్నకు బలం ఇక్కడనే ఉంది. కాలు విరిగితె ఎవడు చూస్తడు? నిజమే అన్నా. ఎవడూ చూడడు. మన శరీరమే మన పెట్టుబడి. అయినా పోవాలె అని ఎందుకంటున్ననంటే, పోకుండ ఉంటె ఈ శరీరం భద్రంగ ఉంటదనుకోవడం ఉత్త భ్రమ. మన క్యాంపులల్ల ఆదివారం ఎట్ల గడుస్తదో చూడుండ్రి. పదకొండింటి దాక నిద్ర, బట్టలు పిండుడు, చికెను, కొందరికి మందు, మిగిలిన పొద్దంత ఫోను. నలభై దాటినోళ్ళల్ల బీపీ, షుగరు లేనోన్ని చూపియ్యండ్రి. "రోజంత కష్టం చేస్తం, మనకు ఎక్సర్‌సైజు ఎందుకు" అంటరు. 50 కిలోల సంచి మోసేటోడు కూడ గుట్టకు సైకిల్ తొక్కితె పది నిమిషాలకు రొప్పుతడు, నేను కండ్లార చూసిన. పని ఒక్క తీరుగ ఒక్క కీలునే అరగదీస్తది. ఊపిరికి చేసే కసరత్తు వేరు.

ఇంకో సంగతి కూడ ఉంది. ఇరవయ్యేండ్ల సంది ఈ దేశంల ఉన్న. ఎన్ని అంతస్తులు లేపిననో లెక్క లేదు. కట్టినంక ఒక్క దాని లిఫ్టు ఎక్కలే. చూడాల్సిన జాగలు మనకోసం గావు అని మనకు మనమే అనుకున్నం. హత్తా దారులకు టికెట్టు లేదు. గేటు కాడ ఎవడూ నీ కంపెనీ ఏంది, నీ వీసా ఏంది అని అడుగడు. మనకు రానీకి హక్కున్న జాగకు రాకపోవుడు భద్రత గాదు అన్నా, అలవాటు.

ఇగ పోరగాళ్ళకు. మీరు నలుపు దారి అంటున్నరు. చాలెంజ్ కావాలె అంటున్నరు. మంచిది. నేను ఈసారి రాసుకున్న లెక్క కింద పెడుతున్న. ఇది చదివి, ఇందుల ఎంత పని ఉందో చూసి, అప్పుడు చాలెంజ్ సరిపోతదో లేదో చెప్పుండ్రి.

రోజు సంగతి. మన సైట్లకు ఆదివారం ఒక్కటే సెలవు. అందుకే మొదటి నియమం: శనివారం రాత్రి కాస్టింగ్ ఉన్నోడు ఆదివారం రాడు. వాని సైకిల్ పైసలు ఇచ్చినా రాడు. వాడు తప్పిపోకుండ ఉండాల్నంటే ఇంకో ఆదివారానికి జరుపుకుంటం. నిద్ర లేని మనిషి దిగుడు దారిల తాగినోని లెక్కనే.

టైము. జనవరిల ఏడు దాటినంక తెల్లారుతది, సాయంత్రం ఆరు లోపలనే పొద్దు గూకుతది. సోనాపూర్ నుంచి అయిదున్నరకు బయలుదేరుతం. ఏడున్నర కల్ల సైకిల్ మీద ఉండాలె. పదిన్నరకు ఎక్కడున్నా తిరుగుడే. గుట్ట కొన ఇంకో పది అడుగులే ఉన్నా తిరుగుడే. పోయినేడు మా దగ్గర లేనిది ఈ ఒక్క టైమే. పోయే దూరం మీద లెక్క పెట్టుకుంటె మనసు మోసం చేస్తది, "ఆ మలుపు దాక" అంటది. గడియారం అట్ల మోసం చెయ్యది. ఒంటిగంట కల్ల అందరం కిందికి వచ్చి, చెట్టు కింద పులిహోర తినాలె.

బండి. లైసెన్సు ఉన్నోడు ఒకడు, ఏడు సీట్ల అద్దె బండి. పికప్ వెనుక మనుషులను ఎక్కించుకొని పోవుడు వద్దే వద్దు. దారి ముచ్చట డ్రైవరుకు ముందే చెప్పుండ్రి. పాత హత్తా రోడ్డు నడుమల ఒమన్ ముక్క గుండ పోతది, చెక్‌పోస్టు ఉంటది. మలీహా దిక్కు నుంచి పోయే దారి పట్టాలె. తిరుగు ప్రయాణంల డ్రైవరు కూడ సైకిల్ తొక్కి అలిసినోడే అని మర్చిపోవద్దు. తిన్నంక గంట పండుకున్నంకనే స్టీరింగ్.

దారి. ముందు ఆకుపచ్చ, తర్వాత నీలం. నీలం దారి అయిపోయినంక టైము, నీళ్ళు, మనుషులు మూడూ మంచిగుంటె ఎరుపు దారిల కొంత. నలుపు ఈసారి లేదు. ఒక దారి ఎంత కష్టమో తెలువనీకి దాని కిందిది రెండుసార్లు అలుపు లేకుండ తొక్కగలగాలె. మన దగ్గర హెల్పర్‌గ వచ్చినోన్ని మొదటి రోజే ఇరవయ్యో అంతస్తు షట్టరింగుకు ఎక్కిస్తమా?

నీళ్ళు. తలా మూడు లీటర్లు, చలికాలమైనా సరే. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఖర్జూరాలు, పల్లిపట్టీలు. సగం నీళ్ళు అయిపోయినయంటే టైముతో పని లేదు, తిరుగుడే.

సైకిల్. అద్దెకు తీసుకునేటప్పుడు సిగ్గుపడకుండ అయిదు నిమిషాలు చూడుండ్రి. ముందు బ్రేకు ఏ చేతికి ఉందో పట్టి చూడుండ్రి, అన్ని సైకిళ్ళకు ఒక్క తీరుగ ఉండది. చక్రాలు గట్టిగ ఉన్నయా, హ్యాండిల్ ఊగుతుందా, గేర్లు మారుతున్నయా. టైర్లల్ల గాలి మన రోడ్డు సైకిల్ లెక్క రాయి తీరుగ కొట్టొద్దు, ఎగిరి పడేస్తది. మరీ తక్కువ ఉంటె రాళ్ళకు ట్యూబు తెగుతది. మీ బరువు చెప్పి ఎంత కొట్టాల్నో అద్దెకిచ్చేటోన్నే అడుగుండ్రి. దిగేటప్పుడు సీటు కిందికి దించి, పెడల్స్ రెండూ సమానంగ పెట్టి, ఒళ్ళు వెనుకకు జరిపి, రెండు బ్రేకులు కొంచెం కొంచెం పట్టాలె. ముందు దొక్కటే గుంజితె ఏమయితదో పైన రాసిన. ఎక్కేటప్పుడు గుట్ట మొదలుకాకముందే గేరు తగ్గించాలె, సగం ఎక్కినంక మారిస్తె చైను పడుతది.

హెల్మెట్. ఇది జర చెవి పెట్టి వినుండ్రి. సైటు హెల్మెట్ పెట్టుకొని వస్త అని ఒక తమ్ముడు అన్నడు. అది పైనుంచి పడే వస్తువు కోసం చేసింది. సైకిల్ మీద పడేటప్పుడు తల పక్కకు, ముందుకు తగులుతది, సైటు హెల్మెట్ ఎగిరిపోతది. సైకిల్ హెల్మెట్ వేరే, గవుద కింద పట్టీతోటి, అద్దె కాడనే ఇస్తరు. చేతులకు మాత్రం మన సైటు గ్లౌజులు పనికొస్తయి. సేఫ్టీ బూట్లు బరువు, అడుగు సాఫుగ ఉన్న మామూలు బూట్లు నయం.

వాన. ఈ దేశంల వానలు పడేదే చలికాలం. వాడీ అంటే ఎండిపోయిన వాగు. మన నెత్తి మీద ఎండ కొడుతున్నా, వెనుక కొండల మీద వాన పడితె నిమిషాలల్ల నీళ్ళు వస్తయి. 2024 ఏప్రిల్ 16 న ఏమైందో మీరందరు చూసినోళ్ళే, క్యాంపులల్ల మంచాల దాక నీళ్ళు. శనివారం రాత్రి వాతావరణం చూస్తం. కొండల దిక్కు వాన అని ఉంటె ప్రయాణం బంద్. డ్యామ్ నీళ్ళలకు ఈతకు దిగుడు కూడ బంద్.

ఫోను. గుట్టల నడుమల సిగ్నల్ అన్ని జాగలల్ల దొరకదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలె. ఒక పవర్ బ్యాంకు. పోలీసు 999, అంబులెన్స్ 998. ఎమిరేట్స్ ఐడీ, ఇన్సూరెన్సు కార్డు జేబుల ఉండాలె, బండిల గాదు. క్యాంపుల ఉన్న ఒకనికి మన దారి, మన తిరిగొచ్చే టైము రాసి ఇచ్చి పోతం. రెండింటి దాక ఫోను రాకపోతె వాడు మాకు చెయ్యాలె, దొరకకపోతె పోలీసుకు చెయ్యాలె.

ఇవన్నీ ఎవరైనా చెప్తరు. ఇప్పుడు నేను అన్నిటికంటె పైన రాసుకున్నది చెప్త.

అలిసిన అని చెప్పే పద్ధతి.

అరగంటకు ఒకసారి ఆగుతం. ఆగినప్పుడల్లా ప్రతి ఒక్కడు ఒకటి నుంచి అయిదు దాక ఒక అంకె చెప్పాలె. ఒకటి అంటే తాజాగ ఉన్న, అయిదు అంటే ఇగ నాతోటి గాదు. ఎవరి నోట అయినా నాలుగు వచ్చిందంటే అందరం తిరుగుతం. ఎందుకు అని అడిగేది లేదు, ఇంకొంచెం అని బతిమాలేది లేదు, క్యాంపుకు వచ్చినంక ఎక్కిరించేది అసలే లేదు.

ఇందుల ఒక మెలిక ఉంది. అంకె ముందు చెప్పాల్సింది అందరికంటె చిన్నోడు. ఆఖరున చెప్పాల్సింది నేను. ఎందుకంటే సూపర్‌వైజరు ముందే "నాకు రెండు" అన్నడంటే హెల్పర్ నోట్లె నుంచి నాలుగు రాదు. వాడు కూడ రెండు అంటడు. మన బతుకులల్ల అది ఎముకలల్ల పాతుకపోయింది. ఏజెంటుకు పైసలు కట్టి, అప్పు చేసి వచ్చినోడు అలిసిన అనడు. కడుపు నొస్తుంది అనడు. భయమైతుంది అనడు. అంటె పేరు పోతది, ఓవర్‌టైము లిస్టుల నుంచి పేరు లేస్తది. పదేండ్లు అట్ల ఉన్నంక వాడు సెలవు రోజు, దోస్తుల నడుమల కూడ చెప్పలేడు. నోరు మర్చిపోతది.

అట్లనే తొక్కేటప్పుడు నేను ముందు ఉండ. ఆఖరున ఉంట. ముందు అందరికంటె మెల్లగ తొక్కేటోడు ఉంటడు. వాని వేగమే అందరి వేగం.

ఒక్కటి ఆలోచించుండ్రి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాక ఎండల పని బంద్ అని ఈ దేశంల చట్టం ఉంది. ఎందుకు పెట్టిండ్రు? ఎండకు తట్టుకోలేకపోతున్న అని కూలి తనంతట తాను చెప్పడు కాబట్టి. వాని తరఫున చట్టం చెప్తది. ఆ రెండున్నర గంటలు ఎవడూ నామోషీ పడడు, ఎవన్నీ బద్ధకస్తుడు అనరు, ఎందుకంటే అది నియమం. మేము అరగంటకోసారి అంకె చెప్పుడు కూడ గసోంటిదే. అలుపు చెప్పుడు బలహీనత గాకుండ డ్యూటీ అయిపోయింది.

కడప అన్న దీనికి అడ్డం తిరిగిండు. "అట్లయితే ఒకడు పొద్దున ఎనిమిదింటికే నాలుగు అంటాడు. అద్దె పైసలు, బండి పైసలు అన్నీ బూడిదే కదప్పా" అన్నడు. న్యాయమైన మాటనే. తలా వంద దిర్హాంల పైనే అయితది, అది మనకు చిన్న పైసలు గావు. నేను అన్న: "అయితది అన్నా. ఎనిమిదింటికి తిరిగితె నీ వంద, నా వంద పోతయి. చెప్పకపోతె ఏం పోయిందో పోయినేడు లెక్క చూసినం గదా." అన్న కొంచెంసేపు ఊకున్నడు. తర్వాత ఒక మంచి మాట చెప్పిండు. తిరిగిన అందరు ఒకేసారి పోవాల్సిన పని లేదు, నీలం దారి మొదట్లనే ఒక జాగ పెట్టుకుందాం, అక్కడి దాక ఎవనికైనా నాలుగు వస్తె ఇద్దరు వానితోటి కిందికి పోవాలె, మిగిలిన ముగ్గురు పోవచ్చు, ఆ జాగ దాటినంక మాత్రం అందరం ఒక్కటే అని. ఒక్కన్ని ఎప్పుడూ ఒంటరిగ పంపొద్దు. అది ప్లాన్ల రాసుకున్నం. ఎదురు చెప్పేటోడు ఉంటె ప్లాను ఇట్ల మంచిగైతది.

ఇంకో ప్రశ్న కూడ వస్తది. ఇన్ని కట్టుబాట్లు పెట్టుకుంటె ఇగ చాలెంజ్ ఏముంది, సరదా ఏముంది అని. తమ్మీ, పోయినేడు నేను ఆ రాయి మీద ఆ పిల్లగాని పక్కన కూసున్న. వాని చేతిని నా తువ్వాలతోటి మెడకు కట్టిన. నీళ్ళు లేవు. కడప అన్న సైకిల్ తీసుకొని కిందికి ఉరికిండు. ఆ గంటన్నర నాకు డ్యామ్ కనబడలే, కొండలు కనబడలే. సరదా ఎప్పుడో పోయింది. నియమాలు ఉంటెనే నేను ఆ నీళ్ళను చూసేటంత నిమ్మళంగ ఉంట. ఆ ఎరుపు దారి, నలుపు దారి ఎక్కడికీ పోవు. ఈ ఏడు గాకపోతె వచ్చే ఏడు.

దీని వల్ల సైటు మీద ఏమన్న మారిందా అని అడుగుతరు. నిజం చెప్పాల్నంటె పెద్దగ ఏం మారలే. పంపు వచ్చినప్పుడు ఇప్పటికి కూడ నా గొంతు లేస్తది. కాని పొద్దున టూల్ బాక్స్ టాక్ల ఒక్కటి మార్చిన. ఇదివరకు నేను అంతా చెప్పి, "ఏమన్న ప్రాబ్లమా?" అని అడిగి, జవాబు రాకముందే సంతకాలు తీసుకునేటోన్ని. ఇప్పుడు హెల్పర్లను ముందు అడుగుత, ఫోర్‌మన్లను తర్వాత. మొదటి వారం ఎవడూ నోరు విప్పలే. మూడో వారం ఒక బిహారీ పిల్లగాడు, "సార్, రాత్రి జ్వరం వచ్చింది" అన్నడు. వాన్ని ఆ రోజు పైకి ఎక్కించలే, కింద లెక్కలు రాసే పని ఇచ్చిన. అంతే. కథ అయిపోయింది. వాడు పడలే కాబట్టి చెప్పనీకి ఏం కథ లేదు. అట్ల కథ లేకుండ పోయే రోజులే మనకు కావాలె.

పెద్దాయనా, మీరు కోపానికి రావద్దు. మీరు అడిగినట్లు మా ఇంటామె కూడ అడిగింది. ప్లాను మొత్తం ఫోన్ల చదివి వినిపించిన. విని, "నీ అంకె నిజంగనే నిజం చెప్తవా?" అని అడిగింది. ఇరవయ్యేండ్లల్ల "మంచిగున్న" అని తప్ప ఆమెకు నేను ఇంకో మాట చెప్పలే. జవాబు ఇయ్యనీకి నాకు జర టైము పట్టింది.

సిక్కోలు పిల్లగాడు ఈసారి కూడ వస్తున్నడు. భుజం మంచిగైంది, డాక్టరు సరే అన్నడు. అందరికంటె చిన్నోడు వాడే కాబట్టి ప్రతి అరగంటకు మొదటి అంకె వానిదే. మేము వాని నోరు దిక్కు చూస్తం.

మీరు కూడ ఎక్కడన్న పోతుంటె, హత్తా గాని, ఒమన్ కొండలు గాని, సముద్రం గాని, ఇంకేదైనా రాసుకోకపోయినా ఈ రెండు రాసుకోండ్రి: తిరిగే టైము, చిన్నోడు ముందు చెప్పుడు. సోమవారం పొద్దున అయిదింటికి క్యాంపు బస్సు కాడ ఆరుగురం నిలబడాలె. మా చాలెంజ్ అదే.